పొయ్యి మాదీ, పెత్తనం ఎవరిదీ?

ఇంట్లో ఏది ఎవరిదో పంచుకోవలసి వస్తే బీరువా ఆయనదీ, టీవీ పిల్లలదీ, పడక్కుర్చీ మామగారిదీ అయి, చివరికి మన వాటాకి మిగిలేది పొయ్యి. ఆ వాటా కోసం మనతో ఎవరూ తగువుపడరు. తెల్లవారగట్ల కాఫీ దగ్గర్నుంచి రాత్రి పాలు కాచి తోడుపెట్టేదాకా పొయ్యి మనదే. పాలు పొంగితే తప్పు మనది, పప్పు మాడితే పోయే పరువు మనది. కాని ఒకనాటి పొద్దున నాబు తిప్పితే టిక్కు టిక్కుమని మంట మాత్రం రాలేదనుకోండి. ఆ క్షణంలోనే ఆ పొయ్యి మనది కాకుండా పోతుంది! "నువ్వు ముట్టుకోకు, నీకు తెలీదు, మెకానిక్కుని పిలుస్తాను" అంటారు. పోనీ, అన్నవారికి తెలుసునా అంటే వారికీ తెలీదు. కాకపోతే వారి తెలియనితనానికి తీరిక లేకపోవడమని పేరు, మన తెలియనితనానికి ఆడతనమని పేరు.

ఈ మాట మీద నాకు చాలాకాలంగా పేచీ వుంది. ఇవాళ ఆ పేచీ నలుగురి ముందూ పెడదామనుకున్నాను. నేను ఇంజనీరింగు చదవలేదు, స్టవ్వుల కొట్టు నడపడంలేదు. ముప్ఫైయెనిమిదేళ్లుగా వంట చేస్తున్నదాన్ని, అంతే. ఆ అర్హతతోనే చెబుతున్నాను. ఆటోమాటిక్‌గా వెలిగే గ్యాసుపొయ్యి వెలగడం మానేస్తే, ఎందుకు మానేసిందో కనిపెట్టే పని మొట్టమొదట మనది. మెకానిక్కుది ఆ తరవాత. శ్రీవారిది, వారికి సరదా వుంటే, ఆ పైన.

మన అమ్మలకి ఈ బెదురు వుండేది కాదు. కిరసనాయిలు పంపుస్టవ్వు ఎలా వుండేదో తెలిసినవాళ్లు మనలో ఇంకా వున్నారు. ఇత్తడి బుడ్డి, మూడు కాళ్లు, పక్కన పంపు. ముందు పైన వేడెక్కించాలి, తరవాత పంపు కొట్టాలి, మంట ఎర్రబడి మసి కడుతూంటే సన్నటి పిన్నుతో నలక తియ్యాలి. ఆ స్టవ్వుపిన్ను వంటింటి గోడకి మేకుమీద వేలాడుతూ వుండేది. పంపులో తోలువాషరు ఎండిపోతే దానికి నూనె పట్టించి మళ్లీ ఎక్కించేది కూడా అమ్మే. వత్తుల స్టవ్వయితే వత్తులు సమంగా కత్తిరించేది అమ్మే. ఆవిణ్ణి ఎవరూ "నీకు తెలీదు" అనలేదు. అంటే ఆ పూట కాఫీ వుండదని అందరికీ తెలుసు.

పంపుస్టవ్వు పేలి ఒళ్లు కాలిన కథలు ఆ రోజుల్లో ఏ వూళ్లో అడిగినా చెప్పేవారు. అటువంటి ప్రాణాంతకమైన వస్తువుని నిశ్చింతగా అమ్మ చేతికి వదిలేసిన లోకానికి, ఇవాళ మనం ఒక సెల్లు మార్చబోతే మన ప్రాణం మీద ఇంత ప్రేమ ఎక్కణ్ణుంచి పుట్టుకొచ్చింది? నాకైతే అది ప్రేమలా కనిపించడంలేదు. వస్తువు ఖరీదు పెరిగింది, అద్దం తళతళలాడుతోంది, దానికో ఇంగ్లీషు పేరు వచ్చింది. అంచేత అది మన తెలివికి మించినదై కూర్చుంది.

మన దేశంలో వంటగ్యాసు 1955లో బొంబాయిలో మొదలయింది. ఇండేన్ పేరుతో 1965లో కలకత్తాలో వచ్చింది. మన రాష్ట్రంలో 1999లో దీపం పథకం వచ్చాక పల్లెల్లో కట్టెలపొయ్యి దగ్గర కళ్లు మండించుకున్న ఆడవాళ్ల ఇళ్లకి కూడా గ్యాసుబండ చేరింది. ఇదంతా మంచిదే. ఊదుగొట్టం మళ్లీ తెచ్చుకుందామని నేననడంలేదు. అగ్గిపుల్ల పోయి లైటరొచ్చింది, లైటరు పోయి నాబులోనే నిప్పురవ్వ వచ్చింది. కాని సుఖం ఒక్కొక్క మెట్టూ ఎక్కుతూంటే మన తెలివిడి ఒక్కొక్క మెట్టూ దిగవలసిన అవసరం ఏముందని నా ప్రశ్న.

ఇంతకీ ఈ ఆటో ఇగ్నిషన్ అనే బ్రహ్మపదార్థం ఏమిటి? మన ఇళ్లలో వుండేవి ముఖ్యంగా మూడు రకాలు. మొదటిది నాబు నొక్కి తిప్పితే 'టక్కు'మని ఒక్క దెబ్బ కొట్టేది. లోపల ఒక చిన్న సుత్తి స్ప్రింగు జోరుతో ఒక స్ఫటికం లాంటి ముక్కని కొడుతుంది, ఆ దెబ్బకి కరెంటు పుట్టి నిప్పురవ్వ ఎగురుతుంది. కొన్ని పదార్థాలని నొక్కితే కరెంటు పుడుతుందని 1880లో ఫ్రాన్సులో ప్యారీ క్యూరీ, ఆయన అన్న జాక్ క్యూరీ కనిపెట్టారు. ప్యారీ అంటే మేడమ్ క్యూరీ భర్త. మనం విడిగా వాడే గ్యాసులైటరులో వున్నదీ ఆ సంగతే. దీనికి సెల్లూ అక్కర్లేదు, కరెంటూ అక్కర్లేదు.

రెండో రకం సెల్లుతో పనిచేసేది. నాబు నొక్కి పట్టుకున్నంతసేపూ టిక్‌టిక్‌టిక్కుమని వరసగా రవ్వలు రాలుస్తుంది. కొన్నిటిలో టార్చిలైటులో వేసే లావుపాటి సెల్లు, కొన్నిటిలో గోడగడియారంలో వేసే సెల్లు. ఆ ఒకటిన్నర వోల్టుని లోపలి పెట్టె వేల వోల్టులకి పెంచి రవ్వ పుట్టిస్తుంది. మూడో రకం కూడా ఇలాంటిదే, కాకపోతే సెల్లుకి బదులు గోడ ప్లగ్గులోంచి కరెంటు తీసుకుంటుంది. మీ పొయ్యి ఈ మూడింటిలో ఏ రకమో మీకు తెలుసునా? తెలియకపోతే అమ్మినవాడు చెప్పలేదన్నమాట. పొయ్యి రంగు గురించి అరగంట, అద్దం మందం గురించి పావుగంట చెప్పే మనిషి, ఆ సెల్లు ఎక్కడుందో మాత్రం చెప్పడు.

చెప్పకపోతే ఏం జరుగుతుందో మా అపార్టుమెంటులోనే చూశాను. పైవాటాలో వుండే అమ్మాయికి పెళ్లయి రెండేళ్లు. పొద్దస్తమానం కంప్యూటరు ముందు కూర్చుని ఎవరెవరో రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెదికి పట్టుకోవడమే ఆ పిల్ల ఉద్యోగం. ఇంట్లో నాలుగు బర్నర్ల పొయ్యి. ఒకనాడు అందులో పెద్ద బర్నరు వెలగడం మానేసింది. కంపెనీవారికి ఫోను చేస్తే రెండు రోజులకి ఒక మనిషి వచ్చి, చూసిన పాపానికి నాలుగువందలు పుచ్చుకుని, "మాడ్యూలు పోయింది, రెండువేల ఎనిమిదివందలు అవుతుంది, వారం పడుతుంది" అని కాగితం రాసిచ్చాడట. "ఏం చెయ్యమంటారు ఆంటీ?" అంటూ ఆ కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చింది.

వెళ్లి చూశాను. మిగతా మూడు బర్నర్లూ లక్షణంగా వెలుగుతున్నాయి. వెలగని బర్నరు దగ్గర కూడా టిక్కుమని నీలంరంగు రవ్వ కనబడుతూనే వుంది. మాడ్యూలనేది ఆ పొయ్యికంతకీ కలిపి ఒకటే. అది పోతే రవ్వ ఎక్కణ్ణుంచి వస్తోంది, మారాజా? బర్నరు మూత తీసి చూస్తే అడుగున చెమ్మ, పైగా గాడిలో కూర్చోకుండా ఓ పక్కకి ఒరిగి వుంది. ముందురోజు పనిమనిషి కడిగి పెట్టిందట. పొడిగుడ్డతో తుడిచి గాడిలో సరిగ్గా కూర్చోబెడితే భగ్గుమని వెలిగింది. రెండువేల ఎనిమిదివందలూ మిగిలాయి. ఆ వచ్చిన మనిషి దొంగ అని నేననను. ఆయన రోజుకి ఎన్ని ఇళ్లు తిరగాలో, ఎన్ని సామాన్లు మార్పించాలో ఆయనకున్న లెక్కలు ఆయనకుంటాయి. నేననేది ఒక్కటే. మన దగ్గర ప్రశ్న లేకపోతే ఎదటివాడు ఏది చెబితే అదే జవాబు.

అంచేత ప్రశ్నలు నేర్చుకుందాం. అయిదంటే అయిదు.

మొదటిది: గ్యాసు వాసన వస్తోందా? వస్తూంటే ఇక రెండో ప్రశ్న లేదు. నాబులు కట్టెయ్యాలి, బండ మీద రెగ్యులేటరు కట్టెయ్యాలి, తలుపులూ కిటికీలూ బార్లా తియ్యాలి. లైటు స్విచ్చి వెయ్యకూడదు, వున్నది తియ్యకూడదు, ఎగ్జాస్టు ఫాను కూడా వెయ్యకూడదు. అగ్గిపుల్ల మాట తలపెట్టకూడదు. బయటికి వచ్చి 1906కి ఫోను చెయ్యాలి. గ్యాసు లీకుల కోసం పెట్టిన నంబరది. వంటగ్యాసు గాలికన్నా బరువైనది, పైకి ఎగిరిపోదు, నీళ్లలా నేలబారున పరుచుకుంటుంది. గాలిలో నూటికి రెండు పాళ్లు కలిసినా చాలు, అంటుకోవడానికి. దానికి సహజంగా వాసన కూడా లేదు. మనం పసిగట్టాలనే ఆ కుళ్లువాసన కావాలని కలుపుతారు. మన ముక్కుని నమ్మి చేసిన ఏర్పాటది. ముక్కుని నమ్మినవాళ్లు బుర్రని ఎందుకు నమ్మరో!

రెండోది: టిక్కుమంటోందా, లేదా? అసలు ఏ నాబు తిప్పినా చప్పుడే లేకపోతే, సెల్లు రకానికి సెల్లు అయిపోయిందన్నమాట. బద్ధకంగా, ఆగి ఆగి టిక్కుమంటూంటే అయిపోవస్తోందన్నమాట. సెల్లుపెట్టె సాధారణంగా పొయ్యి అడుగునో పక్కనో వుంటుంది, గట్టులో బిగించిన పొయ్యికయితే కింది అర తలుపు తీసి వంగి చూడాలి. కొత్త సెల్లు వేసేటప్పుడు కూడిక గుర్తు కూడిక వైపే పెట్టాలి. పెట్టెలో రేకులకి చిలుం పట్టివుంటే కొత్త సెల్లు వేసినా పనిచెయ్యదు. చిన్న ఉప్పుకాగితం ముక్కతో గీకి పొడిగుడ్డతో తుడవాలి. విశాఖపట్నం, కాకినాడల్లో సముద్రపుగాలి తగిలే ఇళ్లవాళ్లకి ఈ చిలుం సంగతి నేను వేరే చెప్పనక్కర్లేదు. ప్లగ్గు రకమయితే ప్లగ్గు వూడిందా, స్విచ్చి ఎవరైనా కట్టేశారా, కరెంటు పోయిందా చూడాలి. ఫోను చార్జింగు కోసం పొయ్యి ప్లగ్గు పీకే మహానుభావులు ప్రతి ఇంట్లోనూ వుంటారు.

మూడోది: ఒక్క బర్నరా, అన్నీనా? అన్నీ అయితే సెల్లో, కరెంటో, బండ ఖాళీయో. ఒక్కటే అయితే జబ్బు ఆ బర్నరు దగ్గరే వుంది. మూత గాడిలో కూర్చుందా? చిల్లుల్లో పాలూ పప్పూ ఎండి గట్టిపడ్డాయా? గుండుసూదితో బయటికి గీకాలి, అగ్గిపుల్లతో పొడిస్తే విరిగి అందులోనే వుండిపోతుంది. బర్నరు పక్కన తెల్లటి పింగాణీలోంచి పొడుచుకొచ్చిన సన్నటి పుల్ల వుంటుంది చూడండి, రవ్వ పుట్టేది దాని కొనకే. దానికి జిడ్డో, మసో, చెమ్మో పట్టితే రవ్వ రాదు, లేదా దారి తప్పి ఇంకెక్కడో దూకుతుంది. సెల్లు తీసేసి, లేదా ప్లగ్గు పీకేసి, పొయ్యి చల్లారాక పాత టూత్‌బ్రష్షుతో మెల్లిగా తోమి పొడిగుడ్డతో తుడిస్తే చాలు. ఆ పుల్లకీ బర్నరుకీ మధ్య ఎడం 3 నుంచి 5 మిల్లీమీటర్లు, అంటే ఇంచుమించు బియ్యపుగింజ పొడవు. గిన్నె తగిలి పుల్ల వంగితే ఆ ఎడం మారిపోతుంది. పింగాణీ పగిలితే మాత్రం తుడిచి లాభం లేదు, పుల్ల మార్పించాలి. పుల్ల, అంతేగాని పొయ్యి కాదు!

ఒక్క నాబు తిప్పితే నాలుగు బర్నర్ల దగ్గరా రవ్వలు వస్తున్నాయని కొందరు హడలిపోతారు. చాలా పొయ్యిల్లో అది జబ్బు కాదు, వాటి తీరే అంత. ఇక నాబు వదిలేశాక కూడా టిక్‌టిక్ ఆగకపోతే, ఏ చారో పొంగి నాబు కిందికి దిగి, అక్కడి స్విచ్చిని తడిపిందన్నమాట. నాబులు కట్టేసి, సెల్లో ప్లగ్గో తీసేసి, పైకి లాగితే వచ్చే నాబు అయితే తీసి, తుడిచి, ఒకపూట ఆరనివ్వండి. ఆరాక కూడా ఆగకపోతే అప్పుడు మెకానిక్కు. గచ్చు కడిగినట్టు పొయ్యిని చెంబులతో నీళ్లు పోసి కడిగే అలవాటు వున్నవాళ్ల ఇళ్లలో ఈ టిక్‌టిక్ దయ్యం ఎక్కువగా తిరుగుతుంది.

నాలుగోది: అగ్గిపుల్లతో వెలుగుతోందా? వాసన లేదని రూఢి చేసుకుని, ముందు పుల్ల గీసి బర్నరు దగ్గర పట్టి, ఆ తరవాతే నాబు మెల్లిగా తిప్పాలి. వెలిగితే గ్యాసు బాగానే వస్తోంది, లోపమల్లా రవ్వదే. వెలక్కపోతే రవ్వని తిట్టి ప్రయోజనం లేదు, బండ అయిపోయిందో, రెగ్యులేటరు కట్టేసి వుందో, చిల్లులు మూసుకున్నాయో చూసుకోవాలి. ఇంత తేలిక పరీక్ష చెయ్యకుండానే ఎన్ని ఇళ్లలో ఎన్ని సామాన్లు మారిపోతున్నాయో ఆ అగ్నిదేవుడికే తెలియాలి.

అయిదోది: వెలిగి ఆరిపోతోందా? నాబు నొక్కినంతసేపూ మండి, వదలగానే ఆరిపోతే అది రవ్వ లోపం కానేకాదు. కొన్ని పొయ్యిల్లో మంట ఆరిపోతే గ్యాసు తనంతట తానే ఆగిపోయే ఏర్పాటు వుంటుంది. బర్నరు దగ్గర రెండో పుల్ల ఒకటి వుంటుంది, అది వేడెక్కితేనే గ్యాసుదారి తెరిచి వుంటుంది. దానికోసం వెలిగాక అయిదు పది సెకన్లు నాబు నొక్కి పట్టాలి. ఆ పుల్లకి మసి పట్టినా వేడి అందదు, తుడవాలి. ఇంకో సంగతి కూడా గుర్తుపెట్టుకోండి. నాబు నొక్కి పట్టినంతసేపూ మంట వున్నా లేకపోయినా గ్యాసు వస్తూనే వుంటుంది. ఆ ఏర్పాటు వుంది కదా అని ధైర్యంగా నిమిషాల తరబడి నొక్కితే, కాపలావాణ్ణి మనమే పక్కకి నెట్టినట్టు.

అసలు ప్రమాదం అక్కడే వుంది. సెల్లు మార్చడంలో లేదు. వెలగని పొయ్యి ముందు నిలబడి "ఇప్పుడు వెలుగుతుంది, ఇప్పుడు వెలుగుతుంది" అనుకుంటూ టిక్‌టిక్‌లాడించడంలో వుంది. అంతసేపూ గ్యాసు పోగవుతుంది. ఆఖరికి ఒక రవ్వ పడగానే 'ధబ్'మని మంట మొహం మీదికి లేస్తుంది. నాలుగైదు సెకన్లలో వెలక్కపోతే నాబు కట్టేసి, కిటికీ తీసి, రెండు నిమిషాలు ఆగి మళ్లీ చూడాలి. ఈ ఒక్కమాట మనకెవరైనా చెప్పారా? "ముట్టుకోకు" అన్నవాళ్లు చెప్పలేదు. ముట్టుకోవద్దన్నది సెల్లుపెట్టెని, కాని రోజుకి ఇరవైసార్లు మనం ముట్టుకునేది నాబునే కదా! అజ్ఞానం మనల్ని ప్రమాదానికి దూరంగా వుంచదు. దాని ఎదురుగా నిలబెట్టి కళ్లకి గంతలు కడుతుంది.

"అమ్మా, గ్యాసుతో చెలగాటమా?" అని నన్ను మందలించేవాళ్లు వుంటారని తెలుసు. వాళ్లు చెప్పేదాంట్లో సగం నిజం వుంది, ఆ సగాన్నీ నేను నెత్తిన పెట్టుకుంటాను. గ్యాసు నడిచే దారిని మనం విప్పకూడదు. రెగ్యులేటరు విప్పి బాగుచెయ్యబోకూడదు. రబ్బరుగొట్టం కోసి అతుకు వెయ్యకూడదు, దానిమీద రాసివున్న గడువు దాటితే మార్పించాలి. నాబు కింద వుండే వాల్వు జోలికి పోకూడదు. గ్యాసు చిమ్మే సన్నటి జెట్టులో సూది గుచ్చి పెద్దది చెయ్యకూడదు. కరెంటు వున్న పెట్టెని తెరవకూడదు. ఇవన్నీ నేర్చినవాడి పని. నిప్పురవ్వ వస్తూంటే పుల్లని వేలితో ముట్టుకోకూడదు, గట్టిగా కరుస్తుంది. కాని గ్యాసుదారి వేరు, రవ్వ దారి వేరు. మూత తుడవడం, చిల్లులు గీకడం, సెల్లు మార్చడం గ్యాసుతో చెలగాటం కాదు, ఇల్లు శుభ్రం చేసుకోవడం. గీత ఎక్కడ గియ్యాలో తెలుసుకుని ఆగినవాళ్లకి భయం అక్కర్లేదు. ఏ గీతా తెలియనివాళ్లే అన్నిటికీ భయపడతారు, లేకపోతే దేనికీ భయపడరు. రెండూ చేటే.

మరికొందరు ఇంకో మాటంటారు. ఇది అన్నవాళ్లు మనవాళ్లే, ఆడవాళ్లే. "వంటా మేమే, అంట్లూ మేమే, ఇప్పుడీ రిపేర్లు కూడా నేర్చుకుంటే అదీ మా నెత్తినే పడుతుంది, తెలియనట్టు వుంటేనే సుఖం" అని. ఈ మాట కొట్టిపారెయ్యదగ్గది కాదు. తెలిసినవాళ్లకే పని తగలడం మన ఇళ్లలో పాత సంప్రదాయమే. కాని లెక్క వేసి చూడండి. పొయ్యి వెలగని ఆ రెండు రోజులూ హోటలు నుంచి తెచ్చిన ఇడ్లీలు పంచేదెవరు? మెకానిక్కు కోసం ఆఫీసుకి సెలవు పెట్టి కూర్చునేదెవరు? తెలియకపోవడం వల్ల మన పని తగ్గలేదు, ఎదురుచూపులు పెరిగాయి, అంతే. దీనికి విరుగుడు మనం నేర్చుకోకపోవడం కాదు, ఇంట్లో అందరికీ నేర్పడం. పన్నెండేళ్ల కొడుకుని పిలిచి, ప్లగ్గు తీసేసిన పొయ్యి దగ్గర బర్నరు మూత ఎలా కూర్చోవాలో చూపించండి. వాడి భార్య రేపు మీకు మనసులోనే దణ్ణం పెడుతుంది.

"ఇంత గొడవెందుకు, ఆ ఆటోమాటిక్కే మానేసి పది రూపాయల అగ్గిపెట్టెతో వెలిగించుకోరాదూ?" అనేవారూ వున్నారు. అగ్గిపెట్టె వుండాలి, లైటరూ వుండాలి, నేను కాదనను. రవ్వ రాని పొయ్యి పనికిరాని పొయ్యి కాదు, అగ్గిపుల్లతో హాయిగా మండుతుంది. "ఇగ్నిషన్ పోయింది, కొత్తది తీసుకోండి" అన్న కొట్టువాడికి మనం చెప్పవలసిన జవాబు అదే. కాని డబ్బు పోసి కొన్న సదుపాయాన్ని ఒక సెల్లు కోసం వదులుకోవడం వైరాగ్యం కాదు. వేళ్లు వణికే అత్తగారికి, చూపు ఆనని అమ్మమ్మకి అగ్గిపుల్ల గీయడం కన్నా నాబు తిప్పడమే క్షేమం.

ఇక తయారుచేసేవాళ్లతో నాకున్న అసలు తగువు. మా ఇంటికి పొయ్యితోపాటు ఒక పుస్తకం వచ్చింది. అందులో ఇంగ్లీషు వుంది, హిందీ వుంది, తెలుగు అక్షరం ఒక్కటి లేదు. టీవీలో ప్రకటన మాత్రం చక్కటి తెలుగులో వస్తుంది! అమ్మేటప్పుడు వచ్చిన భాష జాగ్రత్తలు చెప్పేటప్పుడు ఎందుకు రాదు? ఒకే ఒక్క పేజీ, పెద్ద అక్షరాలతో, బొమ్మతో, తెలుగులో ఇమ్మనండి. సెల్లు ఎక్కడ, ప్లగ్గు ఎక్కడ, ఏది మనం ముట్టవచ్చు, ఏది ముట్టరాదు, వెలక్కపోతే ఎంతసేపు ఆగాలి. బిగించడానికి వచ్చిన మనిషి ఇంట్లో వంటచేసేవాళ్లని పిలిచి, చేతితో చేసి చూపించి వెళ్లాలి. హాల్లో కూర్చున్న మగవారి సంతకం తీసుకుని వెళ్లిపోవడం కాదు. ఏదైనా సామాను మారిస్తే పాతది మన చేతిలో పెట్టి, ఏది ఎందుకు మార్చారో బిల్లులో రాసివ్వాలి. ఇవి వరాలు కావు, మనం ఇచ్చిన డబ్బులో ఇవీ వున్నాయి. అడక్కపోతే అమ్మయినా పెట్టదంటారు, కంపెనీ పెడుతుందా?

స్కూటరు మీద పిల్లల్ని బడికి దింపుతున్నాం, ఫోనులోనే కరెంటుబిల్లు కడుతున్నాం. ఇంటి అప్పు వడ్డీ ఎంతో బ్యాంకువాడికన్నా ముందు మనమే లెక్కకడుతున్నాం. రోజుకి మూడుపూటలా ఎదురుగా నిలబడే పొయ్యి దగ్గర మాత్రం "అమ్మో, నాకు తెలీదు" అనడం ముచ్చటగా వుంటుందని మనకెవరు చెప్పారో గాని, ఆ ముచ్చట ఖరీదు మనమే చెల్లిస్తున్నాం. ఒకోసారి రూపాయల్లో, ఒకోసారి కాలిన కనుబొమల్లో.

అంచేత ఇది చదివి పక్కన పెట్టేముందు లేచి వంటింట్లోకి వెళ్లండి. నాబులన్నీ కట్టివున్నాయో లేదో చూసుకుని, వంగి, మీ పొయ్యి అడుగున సెల్లుపెట్టె వుందేమో, గోడకి ప్లగ్గు వుందేమో, రెండూ లేవేమో చూడండి. సెల్లయితే కొత్తది ఒకటి పోపులపెట్టె పక్కన దాచుకోండి. ఇకనుంచి ఎవరైనా "నువ్వు ముట్టుకోకు, నీకు తెలీదు" అంటే కోపగించుకోకండి. "ఇది మూడు రకాల్లో ఏ రకమో మీరు చెప్పండి" అని మర్యాదగా అడగండి, చాలు.